దిగే ముందు చిన్న సభ

ఒక పెద్ద అడవిలో జంతువులకొక సంఘం ఉండేది. సంఘమంటూ ఉన్నాక అధ్యక్షుడూ కార్యదర్శీ తప్పరు కదా! అధ్యక్షుడు సింహం. కార్యదర్శి నక్క. పని జరిగినా జరగకపోయినా జరిగిందని చెప్పే బాధ్యత నక్కది.

ఆ ఏడు సంఘం వారు సముద్ర విహారం పెట్టుకున్నారు. అడవిని ఆనుకున్న సముద్రంలో ఒక తిమింగిలం ఉంది. అందరినీ వీపు మీద ఎక్కించుకుని దీవులు తిప్పి తెస్తానని అది ఒప్పుకుంది. ఎక్కేటప్పుడే ఒక మాట ఖరాకండీగా చెప్పింది.

"ముత్యాల దీవి దగ్గర ఒక్క పూటే ఆగుతాను. మూడుసార్లు నీళ్ళు చిమ్ముతాను. మొదటిసారి చిమ్మితే దిగమని, రెండోసారి చిమ్మితే తిరిగి రమ్మని, మూడోసారి చిమ్మితే నేను పోతున్నానని. సముద్రపు పోటు నా కోసం ఆగదు, నేను మీ కోసం ఆగను."

ఈ మాట చెవిన పెట్టింది ఎలుగుబంటి ఒక్కటే. దానికో చెల్లెలు ఉండేది. చిన్నతనంలోనే వరదలో దుంగ పట్టుకుని కొట్టుకుపోయింది. చచ్చిపోయిందనుకుని ఏడ్చి ఊరుకున్నారు. మొన్న వేసవిలో ఒక కొంగ వచ్చి, "ముత్యాల దీవిలో పడమటి గుట్ట మీద ఒక ఎలుగు ఉంది. అచ్చం నీ పోలికే. నీలాగే ఊరికే ఎడమ చెవి గోక్కుంటుంది," అని చెప్పింది. ఎలుగుబంటి ఆ కొంగ చేతనే, వస్తున్నానని కబురు పెట్టింది. చెల్లెలి కోసం ఒక తేనెపట్టు మోదుగాకుల్లో కట్టుకుంది. దారి పొడుగునా దాన్ని నాకనైనా నాకలేదు. ఎలుగుబంటి తేనె ముట్టలేదంటే ఆ ప్రేమ ఎలాంటిదో మీరే అర్థం చేసుకోండి.

దీవి వచ్చింది. తెల్లటి ఇసుక, వంగిన కొబ్బరిచెట్లు, వెనకాల పచ్చటి గుట్టలు. తిమింగిలం తోకని ఇసుక మీద ఆనించి మొదటిసారి నీళ్ళు చిమ్మింది. ఎలుగుబంటి తేనెపట్టు చంకన పెట్టుకుని కదిలింది.

"ఆగాలి అక్కయ్యా!" అంది నక్క. "ఎక్కడికి వెళ్ళాలో తేలకుండా దిగడమేమిటి? కలిసి వచ్చాం, కలిసే చూడాలి. అధ్యక్షులవారి ఉద్దేశం కూడా అదే."

తనకి అలాంటి ఉద్దేశం ఉందని సింహానికి అప్పుడే తెలిసింది. అయినా గంభీరంగా జూలు విదిలించింది.

ఏనుగుకి జలపాతం కింద స్నానం చెయ్యాలని ఉంది. నెమలికి ఇసుక మేట మీద ఆడాలని, అది అందరూ చూడాలని ఉంది. నక్క మనసంతా ఉత్తరాన రాళ్ళ సందుల్లో తిరిగే పీతల మీద ఉంది. పీతలు తినడానికి పోదామంటే బాగుండదు కనుక దానికి 'శిలా విజ్ఞాన యాత్ర' అని పేరు పెట్టుకుంది. కుందేళ్ళూ జింకలూ ఎటు పొమ్మంటే అటు పోయే రకం. ఎదురు చెప్పేవి ఎలుగుబంటి, ఏనుగు, నెమలి, ఈ మూడే. ఎదురు చెప్పేవాణ్ణి కింద కూచోబెడితే అరుస్తాడు, వేదిక మీద కూచోబెడితే తన పరువు తనే కాపాడుకుంటూ నోరు మూసుకుంటాడు. ఇది నక్క ఎన్నో ఏళ్ళుగా కనిపెట్టిన సంగతి.

"దిగే ముందు చిన్న సభ. చిటికెలో అయిపోతుంది!" అని ప్రకటించింది.

తిమింగిలం నడుం మీద ఎత్తైన చోటు వేదిక అయింది. "తోబుట్టువు కోసం సముద్రాలు దాటి వచ్చిన ఆదర్శ సోదరీమణి ఎలుగమ్మ గారిని వేదికని అలంకరించవలసిందిగా కోరుతున్నాం!" అంది నక్క.

"నాకెందుకయ్యా ఇవన్నీ? నేను చప్పున పోయొస్తాను," అంది ఎలుగుబంటి. అంతలో చప్పట్లు మోగాయి. పుట్టి బుద్ధెరిగాక దానికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కాళ్ళు వాటంతట అవే వేదిక ఎక్కాయి. భుజాల మీద మోదుగాకులు కుట్టిన శాలువా పడింది. మిట్టమధ్యాహ్నం ఎండ, ఒంటి నిండా బొచ్చు, దాని మీద శాలువా. అయినా ఎలుగుబంటికి హాయిగానే ఉంది.

ఏనుగుకీ నెమలికీ కూడా శాలువాలు పడ్డాయి. "ఇక తీర్మానం..." అని నక్క మొదలుపెట్టబోయింది.

"అధ్యక్షోపన్యాసం లేకుండానా?" అంది సింహం.

సింహం తన తాతగారి తాతగారి దగ్గర ఎత్తుకుంది. అది దిగేసరికి కొబ్బరిచెట్ల నీడలు అటు నుంచి ఇటు తిరిగాయి. తర్వాత ఏనుగు లేచింది. "సన్మానం చేశారు, స్పందించకపోతే మర్యాద కాదు. రెండే మాటలు చెప్పి కూచుంటాను. నేను పుట్టిన ఏడు పెద్ద కరువు..."

ఇక చాలించమని నక్క ఒక ఆకు మీద గీకి చీటీ పంపింది. ఏనుగు దాన్ని అందుకుని నమిలి మింగి, కరువు సంగతి కొనసాగించింది.

అప్పుడు ఒడ్డున ఒక నల్లటి ఆకారం కనిపించింది. గుట్ట దిగి ఇసుకలో పరుగెత్తుకుంటూ వచ్చి నిలబడింది. ఎడమ చెవి గోక్కుంది.

"అక్కా! దిగవే! ఎంతసేపే తల్లీ!"

ఎలుగుబంటి తేనెమూట అందుకుంది. సగం లేచింది. "మధ్యలో లేస్తే ఏం బాగుంటుందమ్మా? అధ్యక్షులవారు చూస్తున్నారు," అంది పక్కనున్న నెమలి, ముక్కు తెరవకుండా. ఎలుగుబంటి మళ్ళీ కూచుంది. కూచుని చెల్లెలి వైపు చెయ్యెత్తి, ఒక్క నిమిషం, అని సైగ చేసింది. మీరు నవ్వకండి. ఆ సైగ మనమూ చేసినవాళ్ళమే.

తిమింగిలం రెండోసారి నీళ్ళు చిమ్మింది. తుంపరలు సభ మీద పడ్డాయి. పన్నీరు చిలకరించారనుకుని ఎలుగుబంటి తప్ప అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత నెమలి స్పందనగా నాట్యం చేసింది. ఎవరూ ఆపమనలేదు కనుక మరోసారి చేసింది. గాలిలో పీతల వాసన తేలి వస్తుంటే నక్క చొంగ మింగుకుంటూ కూచుంది. తను తవ్విన గోతిలో తనే పడ్డానని దానికి తెలుస్తూనే ఉంది.

ఆఖరికి శిలా విజ్ఞాన యాత్ర ఏకగ్రీవంగా నెగ్గింది. నక్క ఆదరాబాదరా వందన సమర్పణ చేస్తూ దీవికీ గాలికీ కొబ్బరిచెట్లకీ కృతజ్ఞతలు చెబుతుండగా తిమింగిలం మూడోసారి నీళ్ళు చిమ్మి కదిలింది.

"ఆగాగు! ఇప్పుడే తీర్మానం నెగ్గింది!" అని నక్క కేకలు పెట్టింది.

"ఆ తీర్మానమేదో అలలకి చెప్పుకో," అంది తిమింగిలం.

"పోనీలెండి. దీవి ఇక్కడినుంచే బాగా కనిపిస్తోంది. చూసినట్టే లెక్క," అంది సింహం. చూసినట్టేనని అందరూ ఒప్పుకున్నారు.

ఒడ్డున చెల్లెలు మోకాటిలోతు నీళ్ళలోకి వచ్చి నిలబడింది. ఇప్పుడు అరవడం లేదు. ఎలుగుబంటి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. నక్క దాని పక్కకి జరిగి, ఆకలిగా మోదుగాకుల మూట వాసన చూసింది.

"ఇంకెవరి కోసం అక్కయ్యా, ఆ తేనెపట్టు?"

ఎలుగుబంటి దాని మొహంలోకి ఒకసారి చూసింది. నెమ్మదిగా శాలువా తీసి నక్క భుజాల మీద నిండుగా కప్పింది. తేనెమూట నోట కరుచుకుని దబ్బున సముద్రంలోకి దూకింది.

"సభా మర్యాద! సభా మర్యాద!" అని సింహం గర్జించింది. ఎలుగుబంటి వెనక్కి చూడలేదు. మునుగుతూ తేలుతూ ఈదింది. చెల్లెలు మెడలోతు దాకా ఎదురొచ్చి దాని మెడ పట్టుకుంది. అడవికి తిరిగి వెళ్ళే దారి ఇక లేదని ఎలుగుబంటికి తెలుసు. తేనెలోకి ఉప్పునీళ్ళు పోయాయి. ఇద్దరూ ఒడ్డున కూచుని దాన్నే నాకారు.

తిమింగిలం వీపు మీద వెంటనే సంతాప సభ మొదలైంది. శాలువా నక్క ఒంటి మీద ఉంది కనుక మొదట అదే మాట్లాడాల్సి వచ్చింది.

నీతి: ఎదురు చెప్పేవాళ్ళని కొట్టకండి, శాలువా కప్పండి. కాకపోతే వాళ్ళకి ఈత రాదని ముందుగా రూఢి చేసుకోండి.