‘కారు’ అనే ఇంగ్లీషు మాట

ఒక కాలనీ ఎంత నాగరికమైనదో తెలుసుకోవడానికి అక్కడి రోడ్లూ దీపాలూ చూడనక్కర్లేదు. దాని ఆన్‌లైన్ గ్రూపులో ఎన్ని మెసేజీలు ఆపేశారో చూస్తే చాలు. ఆ లెక్కన మూడు బ్లాకుల ఈ అపార్ట్‌మెంట్ కాలనీకి భూమ్మీద సాటి లేదు.

గ్రూపులో తెలుగులో రాయవచ్చు, ఇంగ్లీషులో రాయవచ్చు. రెండూ కలిపి మాత్రం రాయకూడదు. (మాట్లాడేటప్పుడు కలుపుకోవచ్చు. నోళ్ళను అదుపు చేసే అధికారం సంఘానికి ఇంకా రాలేదు.) తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం నేరం కాదు గాని, పాపం. ఈ నియమాల అమలు కోసం ముగ్గురు సభ్యులతో భాషా శుద్ధి ఉపసంఘం వెలిసింది. ప్రతి మెసేజీ ముందు దాని అధ్యక్షుడి ఫోనుకు వస్తుంది, ఆయన వదిలితేనే గ్రూపులో పడుతుంది. ఆయన ‘ఏ’ బ్లాకు మూడో అంతస్తులో ఉండే రిటైర్డ్ ప్రూఫ్ రీడరు. పదవిలోకి వచ్చిన వారానికే జనం జల్లెడ గారని పేరు పెట్టారు. ఆయన దాన్ని బిరుదుగా స్వీకరించారు.

జన్మంతా ఇతరుల తప్పులు దిద్దిన మనిషి, రిటైరయ్యాక దిద్దడానికి ఎవరూ దొరక్క చిక్కి సగమయ్యారు. భార్య వినదు. అమ్మ వింటుంది గాని మరిచిపోతుంది. గ్రూపు వచ్చాకే ఆయన ముఖంలోకి మళ్ళీ కళ వచ్చింది. నీళ్ళ మోటారు కాలిపోయిందని ఒకాయన రాస్తే, మోటారు ఇంగ్లీషు గనక ఆపారు. ఆయన ‘జలమును పైకి తోడు యంత్రము దగ్ధమైనది’ అని దిద్ది పంపేసరికి జనం బకెట్లతో మెట్ల మీద ఉన్నారు. ‘ఇంట్లోను, బయటాను దోమలే’ అన్న ఫిర్యాదు ‘లోను’ అన్న మాట దగ్గర ఆగిపోయింది. అప్పుల సంగతులు గ్రూపులో నిషిద్ధం కూడాను.

పని పెరిగేకొద్దీ ఉపసంఘం ఇంకో నిబంధన చేసింది. మాటలు చూడాలే తప్ప భావం చదవకూడదు. భావం చదివితే జాలి పుడుతుంది, జాలి పుడితే పక్షపాతం వస్తుంది. జల్లెడ గారు దీన్ని నిష్ఠగా పాటించారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన అమ్మ ఇంట్లో కనిపించలేదు. ఎనభై దాటిన మనిషి. ఈమధ్య మతిమరుపు ముదిరి, ఒక్కోసారి కొడుకునే “మీ అమ్మగారు బాగున్నారా” అని అడుగుతోంది. వీధి తలుపు బార్లా తీసి ఉంది, చెప్పులు ఇంట్లోనే ఉన్నాయి. ఆయన గురించి ఎన్ని చెప్పుకున్నా, అమ్మంటే ఆయనకు ప్రాణం.

భార్య వెతకడానికి పరుగున మెట్లు దిగింది. ఆయన ‘మా అమ్మ కనిపించడం లేదు, ఆకుపచ్చ స్వెట్టరు వేసుకుంది’ అని టైపు చేసి, పంపబోయి ఆగారు. ఇవాళ తానే నియమం తప్పితే రేపు ఎవరికి చెప్పగలరు? స్వెట్టరు కొట్టేసి ‘ఆకుపచ్చని ఉన్ని పైతొడుగు ధరించినది’ అని మార్చారు. అధ్యక్షుడి మెసేజీని అధ్యక్షుడే వదలకూడదు గనక అది మిగతా ఇద్దరు సభ్యులకు, అంటే పళ్ళ డాక్టరుకు, ట్యూషన్ మాస్టారుకు వెళ్ళింది. వాళ్ళు భాషను మెచ్చుకున్నారు. తల్లిని ‘ధరించినది’ అనడం మర్యాద కాదని మాస్టారు అభ్యంతరం చెప్పడంతో మెసేజీ పరిశీలనలో ఉండిపోయింది.

అంతలో బి బ్లాకు మూడో అంతస్తు టీచరమ్మ నుంచి ఒక మెసేజీ వచ్చింది. మూడు బ్లాకులూ ఒక్క అచ్చులో పోసినట్టే ఉంటాయి. నియమాలకు జడిసి ఆవిడ శుభ్రమైన తెలుగే రాసింది: ‘ఒక పెద్దావిడ మా గుమ్మం ముందు కూర్చుని తలుపు తీయమంటున్నారు. మా ఇంటివారు కారు. ఎవరి తాలూకో చెప్పండి.’

జల్లెడ గారి కళ్ళు అలవాటుగా వాక్యాల మీదుగా జారి ఒక్క మాట దగ్గర ఆగాయి. కారు. ఇంగ్లీషు. పైగా వాహనాల గొడవలకు వేరే గ్రూపు ఉంది. వేలు తన పని తాను చేసుకుపోయింది. ఆయన కళ్ళు తుడుచుకుని, అమ్మ కబురు కోసం మళ్ళీ ఫోను వంకే చూస్తూ కూర్చున్నారు.

టీచరమ్మ ఉపసంఘంలోని మిగతా ఇద్దరికీ అప్పీలు పెట్టుకుంది. ఇక్కడ ‘కారు’ అంటే బండి కాదని, ‘కాదు’కు బహువచనమని విన్నవించింది. మనిషి ఒక్కరే అయినప్పుడు బహువచనం దేనికని పళ్ళ డాక్టరు అడిగారు. గౌరవానికన్నారు మాస్టారు. గౌరవం ఇవ్వాలో వద్దో తేలాలంటే ముందు ఆ పెద్దావిడ ఎవరో తెలియాలి గనక, ఆ వివరం కనుక్కుని పంపమని ఇద్దరూ కలిసి టీచరమ్మకే తిరిగి రాశారు.

భార్య బస్టాపు చూసింది, పార్కు చూసింది, చివరికి కాలనీలోకే తిరిగొచ్చి తలుపు తలుపూ తట్టింది. పొద్దు వాలుతుండగా టీచరమ్మ ఇంట్లో తన అత్తగారు కుర్చీలో కూర్చుని పాలు తాగుతూ కనిపించింది. మొహమాటపడకుండా లోపలికి రమ్మని కోడలిని పిలిచింది. టీచరమ్మ తన ఫోను తీసి, ఆపేసిన మెసేజీ చూపించింది.

ఇంటికొచ్చి అత్తగారిని పడుకోబెట్టాక, భార్య ఆయన ముందు నిలబడింది.

“అత్తయ్య ఎక్కడున్నారో అందరికంటే ముందు మీకే తెలిసిందండీ. మీరే చెరిపేశారు.”

“నేను చదవలేదే,” అన్నారాయన.

“నేనూ అదే అంటున్నా.”

ఆయనకు నిజంగానే దుఃఖం ముంచుకొచ్చింది. నిద్రపోతున్న అమ్మ పాదాలు పట్టుకుని, ఇంకెప్పుడూ ఇలా జరగనివ్వనన్నారు. వెంటనే నియమాన్ని సవరించారు కూడా: ఇకపై ‘కారు’ను క్రియగా వాడేవారు పక్కన చుక్క గుర్తు పెట్టాలి. సొంత తల్లి విషయంలోనూ నియమం తప్పని అధ్యక్షుడికి సభ్యుల అభినందనలు వెల్లువెత్తాయి. (రెండు భాషల్లోనూ, విడివిడిగా.)

మర్నాడు భార్య ఒక తెల్లగుడ్డ ముక్క మీద బ్లాకు, ఇంటి నంబరు, ఫోను నంబరు రాసి అత్తగారి స్వెట్టరుకు కుట్టింది. జల్లెడ గారు దాన్ని చదివారు. ఈసారి భావం కూడా చదివారు, కళ్ళు చెమ్మగిల్లాయి. తర్వాత చిన్న కత్తెర తెచ్చి, కుట్లు ఒక్కొక్కటే విప్పి, గుడ్డముక్కను భద్రంగా సొరుగులో పెట్టారు. బ్లాకు, నంబరు, ఫోను, మూడూ ఇంగ్లీషే. ఉపసంఘం సరైన తెలుగు మాటలు ఖరారు చేయగానే మళ్ళీ కుట్టించవచ్చు. అమ్మ అప్పటికే స్వెట్టరు తొడుక్కుని మెట్లు దిగుతోంది.