కాలనీ లేని చోట రైతుబజారు

వంగతోటకు ఎదురుగా కాపురముంటున్నవాళ్లు వంకాయల కోసం పదకొండు కిలోమీటర్లు ఎందుకు వెళ్లాలి? నూకరత్నం అడిగిన ఈ ప్రశ్నకు ఇంతవరకూ ఎవరూ సమాధానం చెప్పలేదు. సమాధానానికి బదులుగా, నాగులకొండ పునరావాస కాలనీ ప్రతి గురువారం ఉదయం రెండువందల పన్నెండు ఇళ్లతో సహా లేచి పట్నంలోని రైతుబజారుకు నడిచి వెళ్లడం మొదలుపెట్టింది.

కాలనీలోనే బజారు పెట్టమని ఆమె ఏడాదిపాటు అర్జీలు పెట్టింది. రోడ్డవతల కోసిన కూరలన్నీ లారీలో పట్నం పోతాయి. కోడలికి ఏడో నెల. రక్తం తక్కువగా ఉంది, ఆకుకూరలు పెట్టమని ఆసుపత్రిలో చీటీ రాశారు. ఇంట్లో చారు మాత్రమే ఉంది.

బజార్ల కార్యాలయంలో సూపరింటెండెంటు భానోజీరావు ఫైలు పూర్తిగా చదివాడు.

"బజారు స్థిరాస్తి, కదపకూడదమ్మా. మీ కాలనీని ఇప్పటికే రెండుసార్లు ఖాళీ చేయించాం. మీకైతే అలవాటే."

"అలవాటు కదిపినోళ్లది బాబూ, మాదేటి? సర్లే, నడిసొచ్చేత్తాం. మీ గేట్లో మా ఇళ్లు పడతాయేటి?"

"వరసలో రండి."

వరసలోనే వెళ్లారు. నూకరత్నం ఇల్లు ముందు నడిచేది, తడబడకుండా. వెనక ఇంటి అరుగు మీద నుంచి ముసలి అప్పలకొండ అరిచేవాడు: "ఒలే రత్నం, నెమ్మదిగా నడిపించే! మా గోడకి ఆయాసమొత్తంది!"

నాలుగో గురువారం కాలనీ అటు వెళ్లగానే బజార్ల కార్యాలయం తనిఖీ బృందం ఇటు వచ్చింది. 'ఆక్రమణలు, జనసంచారం లేని చదునైన స్థలం. రైతుబజారుకు అత్యంత అనుకూలం' అని రాసుకుంది. సాయంత్రం ఇళ్లు తిరిగి వచ్చేసరికి అక్కడ రేకుల షెడ్లు, ధరల బోర్డు, కంచె ఉన్నాయి.

"అడిగిందే ఇచ్చాం," అన్నాడు భానోజీరావు.

"ఇచ్చారు బాబూ, కాదనను. మరి మా ఇళ్లెక్కడ నిలబడాల?"

"అది ఇళ్ల శాఖవారిని అడగాలి."

నూకరత్నం రెండు కట్టలు తోటకూర కొన్నది. లేతగా ఉంది, ధర న్యాయంగా ఉంది. అయితే రోడ్డు మీద ఆగిన ఇల్లు రాకపోకలకు అడ్డం కనుక ఆగకూడదు. నడిచే ఇంట్లో పొయ్యి వెలిగించడం ప్రమాదం కనుక వెలిగించకూడదు. రెండు నిబంధనలూ సబబైనవేనని అందరూ ఒప్పుకున్నారు. కాలనీ నడుస్తూనే ఉంది.

ఇవాళ అది మీ వీధి మలుపు దాకా వచ్చింది. నూకరత్నం మీ తలుపు తట్టదు. ఆమె అడగవలసినవన్నీ అడిగేసింది. మీ ప్రహరీగోడను ఒక పొయ్యి పట్టేంత వెనక్కి జరపండి. ఆ తోటకూర వాడిపోకముందే జరపండి.