దిగులు రహిత చిక్కడపల్లి

రెండో విడత కరోనా మంచి ఊపులో ఉండగా, మానసిక ధైర్య శాఖ మంత్రిగారు మూతికి రెండు మాస్కులు కట్టుకుని విలేకరుల ఎదుట ఒక చారిత్రక ప్రకటన చేశారు. నెలాఖరుకల్లా చిక్కడపల్లి సర్కిల్‌ను దేశంలోనే తొలి దిగులు రహిత ప్రాంతంగా తీర్చిదిద్దుతామన్నారు. మాట సగం మాస్కుల్లోనే ఉండిపోయినా విలేకరులు పూర్తిగా రాసుకున్నారు.

మంత్రిగారిది గాలి మాట కాదు. ఆయన చేతిలో గ్రాఫు ఉంది. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ జనం రోజుకు నాలుగు వేల నూట పద్దెనిమిది సార్లు ఫోన్లో 'నిద్ర ఎందుకు పట్టదు', 'గుండె దడ కరోనాయేనా', 'ఊరికే ఏడుపొస్తే ఏం చేయాలి' అని వెతుకుతున్నారట. కాచిగూడలో తొమ్మిది వందలే. అంబర్‌పేటలో అయితే మూడొందలు దాటలేదు. వెతకడం తగ్గితే దిగులు తగ్గినట్టేనని మంత్రిగారు ఒక్క చూపులో కనిపెట్టారు. ఏళ్ల తరబడి చదివిన డాక్టర్లకు ఈ సంగతి తట్టనే లేదు.

పని రామచంద్రం మీద పడింది. శాఖలో ఆయన డిప్యూటీ డైరెక్టర్. రిటైర్‌మెంట్‌కు మూడు నెలలుంది. ఈలోగా జాయింట్ డైరెక్టర్ అయితే ఆ హోదాతోనే దిగిపోవచ్చని ఆశ. భార్య హైమవతి చుట్టాలందరికీ అప్పుడే చెప్పేసింది కూడా. ఫైలు మాత్రం మంత్రిగారి బల్ల మీద ఉంది. గ్రాఫు దిగితేనే ఫైలు కదులుతుందని ఆయన దాపరికం లేకుండా చెప్పారు.

మర్నాడు పొద్దున్నే రామచంద్రం నారాయణగూడలో ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు. మొదట దొరికినవాడు కిషన్ రావు, రిటైరైన బ్యాంకు మేనేజరు. గేటు తీయకుండానే, తానూ వెతుకుతున్నట్టు ఒప్పుకున్నాడు.

"నిద్ర పడ్తలేదు సార్. అందుకే చూస్తున్న."

"నిద్ర పట్టకపోతే సీలింగు చూడండి. ఫోనెందుకండీ?"

"మరి నా దిగులు సంగతేంది?"

"అది మీ సొంత విషయమండీ. మా శాఖ జోక్యం చేసుకోదు. వెతక్కుండా ఎంతైనా పడండి."

వేళ్లు ఊరుకోకపోతే ఏం చేయాలని కిషన్ రావు అడిగాడు. రామచంద్రం సంచీలోంచి శాఖ ఆమోదించిన జాబితా తీసి గేటు సందులోంచి అందించాడు. ఉసిరికాయ పచ్చడి, తాజ్‌మహల్ ఎత్తు, పెంగ్విన్లు. వీటిని ఎన్నిసార్లు వెతికినా ప్రభుత్వానికి అభ్యంతరం లేదు.

మూడు రోజుల్లో లెక్క మూడు వేలకు దిగింది. పెంగ్విన్ల మీద నారాయణగూడకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఆ హుషారులో రామచంద్రం అశోక్ నగర్ గోడల మీద కాగితాలు అంటించాడు. 'దిగులు గురించి వెతకరాదు. దిగులు రహిత చిక్కడపల్లి పథకం.'

పొరపాటంతా అక్కడే జరిగింది. అశోక్ నగర్ అంటే సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లల పేట. లాక్‌డౌన్‌లోనూ ఊళ్లకు పోకుండా హాస్టల్ గదుల్లో పుస్తకాలు పట్టుకుని కూర్చున్నవాళ్లు చాలామందే ఉన్నారు. ప్రభుత్వ కాగితం ఏది కంటపడ్డా వాళ్లకది రేపటి పరీక్షలో వచ్చే బిట్టే. గ్రూప్ వన్‌కు ఐదో ఏడు చదువుతున్న సంయుక్త, గోడ మీద జిగురు ఆరకముందే నోటుబుక్కు తెరిచింది.

"సార్, పథకం ఏ తారీఖున షురూ అయింది?"

ఉద్యోగంలో చేరాక తనను ఇంత శ్రద్ధగా ప్రశ్న అడిగినవాళ్లు లేరు. రామచంద్రం పొంగిపోయి తేదీ చెప్పాడు. అమలు చేస్తున్న అధికారి పేరు అడిగితే ఇంటిపేరుతో సహా చెప్పాడు.

"దిగులు లక్షణాలు ఎన్ని సార్?"

అది ఆయనకు తెలియదు. "అవన్నీ వెతక్కూడదమ్మా" అన్నాడు.

"అంటే ఇంపార్టెంట్ అన్నట్టు" అని పక్కమ్మాయితో చెప్పి, సంయుక్త 'లక్షణాలు' అన్న పదం కింద రెండు గీతలు గీసింది.

సాయంత్రానికి హాస్టళ్లన్నీ దిగులు మీద పడ్డాయి. దిగులు లక్షణాలు, దిగుళ్లలో రకాలు, దిగులుపై వేసిన కమిటీలు, అంతర్జాతీయ దిగులు దినోత్సవం. మర్నాటి గ్రాఫు కాగితం పైఅంచు దాటిపోయింది. అరవై ఒక్క వేలు.

మంత్రిగారే స్వయంగా ఫోన్ చేశారు. "ఏందయ్య రామచంద్రం, ఒక్క దినంల సర్కిలంత పిచ్చెక్కిందా? నీ ఫైలు మీద చాయ్ గ్లాసు పెట్టిన. ఇగ నీ ఇష్టం."

రామచంద్రం కోచింగ్ సెంటర్ నడిపే ప్రహ్లాద్ దగ్గరికి పరుగెత్తి, ఈ దిగులు సిలబస్‌లో లేదని పిల్లలకు చెప్పమని బతిమాలాడు. ప్రహ్లాద్ తల అడ్డంగా ఊపాడు.

"సిలబస్‌ల లేదని చెప్తే ఇంకెక్కువ చదువుతరు సార్. జవాబులు మనమే ఇద్దాం. చేతిల జవాబుంటే ఫోన్ల ఎవడు దేవులాడుతడు?"

మధ్యాహ్నానికి 'దిగులు: వంద బిట్లు, జవాబులతో' వాట్సాప్ గ్రూపులన్నిటికీ ఎక్కింది. పిల్లలు బట్టీపట్టి, వెతకడం మానేశారు. అది తిరిగి తిరిగి నారాయణగూడకూ చేరింది. కిషన్ రావు కళ్లజోడు పెట్టుకుని, లక్షణాల పక్కన ఒక్కొక్క టిక్కూ కొట్టుకుంటూ పోయాడు. పదహారుకు పదహారూ ఉన్నాయి. ఇక వెతకడానికి ఆయనకేమీ మిగల్లేదు.

వారంలో గ్రాఫు పదకొండుకు దిగింది. అరవై ఒక్క వేల దిగులును పదకొండుకు దించిన వీరుడు ప్రపంచంలో ఇంకొకడు లేడంటూ మంత్రిగారు రామచంద్రానికి శాలువా కప్పారు. మొదటి నాలుగు వేల ఊసు ఎవరూ ఎత్తలేదు. చాయ్ మరక పక్కనే సంతకం పడింది. జాయింట్ డైరెక్టర్ పదవి, పోస్టింగు అంబర్‌పేట.

అక్కడున్నదే మూడొందలు, దించడానికి ఏముందని రామచంద్రం సందేహం వెలిబుచ్చాడు.

"అందుకే నిన్ను పంపుతున్న" అన్నారు మంత్రిగారు. "మూడొందలు దించితే పేపర్ల ఎవడేస్తడు? ముందుగాల అరవై వేలకు ఎక్కియ్యి, తర్వాత దించుదాం. వారం టైం. లేకుంటే ఆర్డర్ వాపస్."

సోమవారం పొద్దున జాయింట్ డైరెక్టర్ రామచంద్రం అంబర్‌పేటలో మొదటి ఇంటి ముందు ఆగాడు. మాసమ్మ అనే ఆవిడ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నిద్ర పడుతోందా అని అడిగాడు. ఒరిగితే చాలు, పడుతుందంది. గుండె దడ లేదంది. ఊరికే ఏడుపు రావడమేమిటో ఆవిడకు అర్థమే కాలేదు.

"మాకేం దిగులు లేదు సారు. మంచిగున్నం."

రామచంద్రం చేతిలో కాగితం మడిచి, ఆరడుగుల దూరం చూసుకుని అరుగు చివర కూలబడ్డాడు.

"అలా తేల్చేయకమ్మా" అన్నాడు. "నిదానంగా ఆలోచించు. ఏదో ఒకటి ఉంటుంది. నేను కూర్చుంటాను."