ఇమ్మానుయేలు కోసం ఉపవాస ప్రార్థన

ఆ ఆదివారం ఉదయం జోసఫ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య దెబోరా క్వయర్‌లో ముందు నిలబడుతుంది. తను చివరి వరసలో, స్తంభం పక్కన కూర్చుంటాడు. పెద్దక్షరాల కీర్తనల పుస్తకం తెరిచి, అందులో ఫోను పెట్టుకుని, చప్పుడు లేకుండా ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తాడు. ఆరాధన పదిన్నరకు. ఇంగ్లండులో ఆదివారం పెద్ద మ్యాచ్ మొదలయ్యేదీ టెక్సస్ గడియారంలో పదిన్నరకే. ఈ రెండింటినీ ఒకే వేళకు తెచ్చి పెట్టినవాడెవడో గాని, వాడికి ఇర్వింగ్‌లోని తెలుగు క్రైస్తవుల మీద ఏదో పాతకక్ష ఉండి ఉండాలి.

పథకం చిన్నదే గాని ప్రమాదం పెద్దది. కొత్త సంవత్సరపు ఆరాధనలో జోసఫ్ సంఘమంతటి ముందు మైకు పట్టుకుని, ఇకమీదట ఆదివారం ఫుట్‌బాల్ చూడనని సాక్ష్యం చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. దెబోరా కళ్ళు తుడుచుకుంది. ఆ సాక్ష్యం పుణ్యమా అని వచ్చే ఆదివారం అతన్ని సంఘ పెద్దగా నిలబెట్టబోతున్నారు. ఆ పదవి మీద అతనికి మోజు లేదు, మోజంతా దెబోరాది. వేరే రాష్ట్రంలో, షాంటిలీ అనే ఊళ్ళో ఉండే ఆమె అక్క మొగుడు కిందటేడే అక్కడి సంఘానికి పెద్ద అయ్యాడు. అప్పటినుంచి ఆ అక్క ఫోను చేస్తే "మా పెద్దగారు" అనకుండా ఒక్క మాట పూర్తి చేయదు. దెబోరా ఏడాదిగా పళ్ళు బిగపట్టి వింటోంది. జోసఫ్ మాట తప్పినట్టు బయటపడితే పెద్దరికం పోతుంది. ఆ తరువాత ఇంట్లో తన గతేమిటో ఊహించుకోవడానికి కూడా అతనికి ధైర్యం చాలలేదు.

మరి చూడకుండా ఉండొచ్చుగా అంటారు. ఉండలేడు. కారణం ఇమ్మానుయేలు. హాల్‌స్టెడ్ రోవర్స్ అనే జట్టుకు జోసఫ్ గుంటూరు హాస్టలు రోజుల నుంచీ భక్తుడు. ఆ ఊరు ఇంగ్లండులో ఏ మూల ఉందో అతనికి ఇప్పటికీ తెలియదు, భక్తికి భూగోళంతో పని లేదు. ఆ జట్టు ఈ వేసవిలో ఇమ్మానుయేల్ అసారె అనే ఘనా దేశపు కుర్రాణ్ణి, ఎన్నడూ ఎవరికీ పెట్టనంత ధర పెట్టి పోర్చుగల్ నుంచి కొనుక్కొచ్చింది. అక్కడ గోల్స్ కుప్పలుగా కొట్టినవాడు ఇక్కడికొచ్చాక గోలు తప్ప అన్నీ కొట్టాడు. ప్రకటనల బోర్డులను కొట్టాడు, కెమెరావాళ్ళను కొట్టాడు, ఒకసారి సొంత కెప్టెన్ వీపునే కొట్టాడు. సీజన్ మొదలై రెండు వారాలైనా కాలేదు, అభిమానులు వాణ్ణి వెనక్కి పంపేయమని కేకలు పెడుతున్నారు. బదిలీల గడువు నెలాఖరుతో సరి.

పాస్టర్ లెవిగారు "కళ్ళు మూసుకుని మౌనంగా ప్రార్థిద్దాం" అన్న క్షణంలోనే హాల్‌స్టెడ్‌కు పెనాల్టీ దొరికింది. సంఘమంతా తలలు వంచింది. జోసఫ్ తల అప్పటికే వంగి ఉంది. ఇమ్మానుయేలు పరుగెత్తుకొచ్చి తన్నాడు. బంతి గోలు మీదుగా, దాని వెనక కూర్చున్న జనం మీదుగా ఎటో పోయింది.

"అయ్యో ప్రభువా! వీడికెందుకయ్యా ఇన్ని కష్టాలు!"

అంత నిశ్శబ్దంలో ఆ కేక ఎవరికి వినపడదు? తలలన్నీ వెనక్కి తిరిగాయి. జోసఫ్ పుస్తకం టప్పున మూశాడు. అతని కళ్ళల్లో నిజంగానే నీళ్ళున్నాయి.

"బ్రదర్ జోసఫ్," అన్నారు లెవిగారు మెత్తగా, "మీ గుండెలో ఏదో భారం ఉంది. ముందుకు రండి. ఎవరి గురించి?"

జోసఫ్‌లో ఒక లోపం ఉంది. దాస్తాడు గాని అబద్ధమాడలేడు. అందులోనూ వేదిక దగ్గర అబద్ధమాడితే నాలుక పడిపోతుందని చీరాలలో ఆదివారపు బడి టీచరమ్మ చెప్పిన మాట అతన్ని టెక్సస్ దాకా వెంబడించింది. అందుకని నిజమే చెప్పాడు, కాకపోతే కొంచెం తక్కువ చెప్పాడు.

"ఇమ్మానుయేల్ అని ఒక కుర్రాడండీ. కొత్తగా వచ్చాడు. బోలెడు ఆశలు పెట్టుకుని తీసుకొచ్చారు. వచ్చిన దగ్గర్నుంచీ ఒక్కటీ కలిసిరావట్లేదు. ఇప్పుడే మంచి చాన్స్ ఒకటి వచ్చింది, పోయింది."

"ఫామిలీ?"

"అందరూ సొంత దేశంలోనే ఉన్నారండీ. ఒక్కడే హోటల్లో ఉంటున్నాడు. నెలాఖరుకి పంపించేస్తారంటున్నారు."

హాలంతా నిట్టూర్చింది. ఆ హాల్లో కూర్చున్న ప్రతివాడూ ఏదో ఒక ఆగస్టులో రెండు సూట్‌కేసులతో దిగినవాడే. ఉద్యోగమో వీసానో చేతికందినట్టే అంది జారిపోయిన రోజు ప్రతివాడికీ ఒకటుంది. అందుచేత కుర్రాడు చేసే పనేమిటని అడగాలని ఎవరికీ తోచలేదు. వెనక వరసలో కూర్చునే మాస్టర్స్ విద్యార్థులు ముగ్గురైతే బాహాటంగా ఏడ్చారు.

ఇంటికి వెళుతుంటే కారులో దెబోరా అడిగింది. "ఎవరండీ ఈ ఇమ్మానుయేలు? నాకెప్పుడూ చెప్పలేదే?"

"ఆన్‌లైన్‌లోనే తెలుసు."

"ముఖం కూడా చూడని పిల్లాడి కోసం ఏడ్చారా?" అని ఆమె అతని చేతి మీద చెయ్యి వేసింది. "మీకింత మనసుందని నాకు తెలీదండీ."

ఆమె తిట్టినా బాగుండేది. జోసఫ్ హైవే మీంచి దిగవలసిన ఎగ్జిట్ దాటిపోయి, పక్క ఊరు కాపెల్ దాకా వెళ్ళి తిరిగి వచ్చాడు.

ఈలోగా ఇమ్మానుయేలు పేరు ప్రార్థన గొలుసులోకి ఎక్కింది. ఆ గొలుసు ఫోన్లలో నడుస్తుంది, దాన్ని నడిపేది స్త్రీల కూడిక పెద్ద, రిటైరైన నర్సు పర్సిస్ ఆంటీ. గొలుసులోకి పేరు ఎక్కించడం తేలిక, దించడం ఎవరి తరమూ కాదు. కార్యం జరగాలి, జరిగినట్టు ఆ మనిషి సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పాలి, తరువాత బిర్యానీ పెట్టాలి. ఈ మూడూ అయ్యేదాకా ఆంటీ వదలదు.

సోమవారం సాయంత్రానికి జోసఫ్ గరాజ్‌లో సామాను దిగడం మొదలైంది. కొత్తగా వచ్చిన కుర్రాడంటే ఇచ్చేవి సంఘంలో అందరికీ కంఠతా వచ్చు. పరుపు, కంఫర్టర్, రైస్ కుక్కర్, చలికోటు. ఒకరు ఇచ్చారో లేదో తెలియక రైస్ కుక్కర్లు నలుగురు తెచ్చారు. కారు పెట్టడానికి చోటు లేక ఎండలో పెడితే, స్టీరింగ్ పెనంలా కాలింది.

మంగళవారం పర్సిస్ ఆంటీ స్వయంగా చేపల పులుసు గిన్నెతో వచ్చి సోఫాలో కూర్చుంది.

"హోటల్ తిండి తింటున్నాడన్నావుగా, ఇది ఇచ్చిరా. అవునూ, అబ్బాయి ఎత్తెంత?"

"ఆరడుగుల పైనే ఆంటీ."

"పెళ్ళయిందా?"

"లేదాంటీ."

"ఉద్యోగం పోయేలా ఉందన్నావు. పోతే ఎలా మరి?"

"పోయినా జీతం వస్తుందాంటీ. ఐదేళ్ళ కాంట్రాక్టు. పని చేయించుకోకపోయినా ఇచ్చి తీరాలి."

గిన్నె మూత సర్దుతున్న ఆంటీ చెయ్యి ఆగిపోయింది. అమెరికాకు వచ్చి ముప్పై ఏళ్ళయినా అటువంటి ఉద్యోగం ఆమె వినలేదు. షాంటిలీలో ఆమె మేనకోడలు కెజియా ఉంది, ఎమ్మెస్ అయింది, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు.

"ఇంటిపేరేంటన్నావు?"

"అసారె."

"అసారె... ఎక్కడి వాళ్ళబ్బా? నర్సాపురం సైడా?"

"ఇంకా అవతలండీ," అన్నాడు జోసఫ్. ఇదీ నిజమే.

ఆమె వెళ్ళాక జోసఫ్ లెక్కలు వేసుకున్నాడు. ఆదివారం కుర్రాణ్ణి తీసుకురమ్మని పాస్టరుగారు అప్పటికే రెండుసార్లు ఫోను చేశారు. ఇక తప్పించుకోవడానికి దారి ఒక్కటే. టర్కీ జట్టు ఒకటి ఇమ్మానుయేలును అరువుకు అడుగుతోందని వార్త వచ్చింది. వాణ్ణి ఆదివారంలోగా పంపించేస్తే, "కుర్రాడు టర్కీ వెళ్ళిపోయాడండీ" అని ధైర్యంగా చెప్పవచ్చు. అబద్ధమూ కాదు, పెద్దరికమూ పోదు. ఇరవై ఏళ్ళుగా హాల్‌స్టెడ్ గెలవాలని మొక్కుకున్నవాడు మొదటిసారి తన జట్టు ఆటగాడు తట్టా బుట్టా సర్దుకోవాలని మోకరించాడు. బుధవారం సంఘమంతా వాడు ఇక్కడే స్థిరపడాలని ఉపవాసం పట్టింది. ఒకే కుర్రాడి మీద దేవుడికి రెండు రకాల అర్జీలు చేరాయి. ఒకటి నలభై మంది పస్తులుండి పంపినది, రెండోది జోసఫ్ చేపల పులుసు తిని పంపినది. ఏది ముందు విచారణకు వస్తుందో చెప్పడానికి పెద్ద వేదాంతం అక్కర్లేదు. శుక్రవారం టర్కీ బేరం బెడిసింది.

ఆదివారం వచ్చింది. దెబోరా వంకాయరంగు కొత్త పట్టుచీర కట్టింది. ముందు వరసలో స్టాండు నిలబెట్టి, అందులో ఫోను పెట్టి, షాంటిలీలోని అక్కకు వీడియో కాల్ కలిపింది. పెద్దరికం ఇవ్వడం అక్క కళ్ళారా చూడవద్దూ? జోసఫ్ తన ఫోను కారులోనే వదిలేశాడు. పాస్టరుగారు ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంచి దాని మీద పూలగుత్తి పెట్టించారు. అది ఇమ్మానుయేలు కుర్చీ.

"బ్రదర్ జోసఫ్‌ని సంఘ పెద్దగా నిలబెట్టే ముందు," అన్నారు లెవిగారు, "ఆయన మనందరి చేతా ప్రార్థన చేయించిన ఆ బిడ్డని చూద్దాం. వచ్చాడా బ్రదర్?"

జోసఫ్ వేదిక ఎక్కాడు. దెబోరా ముఖం వెలిగిపోతోంది. టర్కీ కథ ఎలాగో అల్లేయవచ్చుననిపించింది. కానీ టీచరమ్మ గుర్తొచ్చింది, గరాజ్‌లో పరుపు గుర్తొచ్చింది, వెనక వరసలో ఏడ్చిన పిల్లలు గుర్తొచ్చారు. వాళ్ళు కూడా ఉపవాసం ఉన్నారు. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"రాలేదండీ. రాడు. ఇంగ్లండ్‌లో ఉంటాడు. ఫుట్‌బాల్ ఆడతాడు," అన్నాడు. "నేను ఆ రోజు పుస్తకంలో ఫోన్ పెట్టుకుని మ్యాచ్ చూస్తున్నాను. పెనాల్టీ పోయింది. అందుకే అరిచాను. జనవరిలో ఇచ్చిన మాట నిలబెట్టుకోలేదు. నన్ను క్షమించండి."

హాల్లో సూది పడితే వినపడేది. అయితే పడింది సూది కాదు, స్టాండు మీద ఫోనులోంచి దెబోరా అక్క గొంతు. "ఏమైందే? సరిగా వినపళ్ళేదు. మా పెద్దగారు ఏమైందని అడుగుతున్నారు."

దెబోరా చీర రంగు మెల్లిగా ఆమె ముఖంలోకి ఎక్కడం జోసఫ్ వేదిక మీంచి చూశాడు.

అప్పుడు పర్సిస్ ఆంటీ లేచింది.

"మాకు బుధవారమే తెలుసు."

"తెలుసా!" అన్నారు జోసఫూ లెవిగారూ ఒకేసారి.

"సంబంధం అన్నాక వాకబు చెయ్యమా? ఇంటిపేరిచ్చావు, ఎత్తిచ్చావు. కెజియా రెండు నిమిషాల్లో ఫోటో పంపింది. పేరు గొలుసులోకెక్కాక దించేది లేదు కాబట్టి కూడికలో అందరం కలిసి ఆ రోజు కప్ మ్యాచ్ చూశాం. దెబోరాకి మాత్రం చెప్పలేదు, పాపం చీర కొనుక్కుంది." ఆంటీ గొంతు సవరించుకుంది. "పిల్లాడికి దమ్ముందయ్యా. కాకపోతే తొందర. పాస్ రాకముందే పరుగెత్తి ఆఫ్‌సైడ్‌లో పడుతున్నాడు. అదే ప్రార్థన చేశాం, ప్రభువా వాడి తొందర తగ్గించు అని. ఇందాక చూశాను, మొదటి గోల్ కొట్టాడు."

"ఇందాకా?" అన్నారు లెవిగారు.

పర్సిస్ ఆంటీ తన కీర్తనల పుస్తకం మూసింది. అది మామూలుకన్నా లావుగా ఉంది.

లెవిగారు పైకప్పు వైపు చూసి అడిగారు. "మరి పెద్దరికం సంగతి?"

"ఆ ఇంటికే ఇవ్వండి. ఆ ఇంట్లో మాట మీద నిలబడే మనిషి ఒకరున్నారు," అంది ఆంటీ. "దెబోరా!"

చేతులన్నీ లేచాయి. వెనక వరస విద్యార్థులు రెండేసి ఎత్తారు. దెబోరా లేచి, చీర సర్దుకుని, వేదిక ఎక్కే ముందు స్టాండు దగ్గర వంగింది. "అక్కా, బావగారికి చెప్పు. ఇక్కడ పెద్దని నేనే." షాంటిలీలో ఉన్నట్టుండి సిగ్నల్ పోయింది.

కొత్త పెద్ద మొదటి తీర్మానం ఆ వారమే అమల్లోకి వచ్చింది. ఆరాధనలో ఫోన్లు నిషిద్ధం, పర్సిస్ ఆంటీకి కూడా. ఆరాధన అయ్యాక భోజనాల హాల్లో పెద్ద తెర మీద రికార్డు చేసిన మ్యాచ్ అందరూ కలిసి చూడవచ్చు, జోసఫ్ తప్ప. అతను ఆ వేళకు పక్కగదిలో పసిపిల్లలను ఆడించాలి. పరుపూ రైస్ కుక్కర్లూ వెనక వరస పిల్లల అపార్ట్‌మెంట్లకు చేరాయి. ఇమ్మానుయేలు సెప్టెంబరు అంతా గోల్స్ కొట్టాడు. గోడకవతల సంఘం అరిచిన అరుపులను బట్టి జోసఫ్ లెక్క కట్టుకున్నాడు, ఒడిలో ఎవరిదో బిడ్డ పాలు కక్కుతుండగా.

అక్టోబరు మొదటివారం ప్రార్థన గొలుసులో పర్సిస్ ఆంటీ సందేశం వచ్చింది: "హాల్‌స్టెడ్ గోల్‌కీపర్ మోకాలు గురించి అందరూ భారంతో ప్రార్థించండి. వీలుంటే బ్రదర్ జోసఫ్ గురించి కూడా."