సింధూరికి ఉద్యోగం చూపులు

సౌకార్‌పేట వర్తక ప్రముఖులకూ, బంధుమిత్రులకూ సంతోషంగా తెలియపరచవలసిన విషయం ఒకటుంది. స్టీలు పాత్రల హోల్‌సేల్ వ్యాపారి వెంకట్రామ్ గారి ఏకైక పుత్రిక, పదిహేడేళ్ల చిరంజీవి సింధూరికి ఉద్యోగం చూపులు మొదలయ్యాయి. పెళ్లిచూపులు కావు. పెళ్లికి ఇంకా బోలెడు వ్యవధి ఉంది. ఉద్యోగానికే లేదు.

వ్యవధి లేకపోవడానికి కారణం తాతగారు ఆదికేశవులు. ఆయనకు ఎనభై ఏళ్లు నిండుతున్నాయి. వచ్చే నెలలో శతాభిషేకం. చెన్నై నలుమూలల నుంచీ బంధువులు వస్తారు. అక్షింతలు వేసి, భోజనాల పిలుపు వచ్చేలోగా, ఎదురుపడిన ప్రతి పిల్లనూ పిల్లవాణ్ణీ ఒకే ప్రశ్న అడుగుతారు: ఏం చదువుతున్నావు, తర్వాత ఏం చేస్తావు? మిగతా పిల్లలు బడి పేరూ కోచింగ్ సెంటరు పేరూ చెప్పి బయటపడతారు. సింధూరికి ఆ సౌకర్యం లేదు, ఆమె బడికి పోదు.

బడి మాన్పించింది వెంకట్రామే. కరోనా రోజుల్లో కూతురు ఆన్‌లైన్ పాఠం ముందు కళ్లు తెరుచుకునే నిద్రపోవడం చూసి ఆయనకు జ్ఞానోదయమైంది. పిల్లల్ని స్వేచ్ఛగా పెంచాలని ఆ రోజే తీర్మానించి, ఆ తీర్మానాన్ని తన కొట్టుకు వచ్చిన ప్రతి మనిషికీ కుక్కర్ల మధ్య నిలబెట్టి వినిపించాడు. సింధూరి ఇంట్లోనే చదివి, పరీక్షలు ప్రైవేటుగా రాసి పాసైంది. మధ్యలో మేడ మీద పుట్టగొడుగులు పెంచింది. పక్కింటి సేటమ్మ దగ్గర హిందీ నేర్చుకుంది. పాడైన ఫ్యాను విప్పి బిగించింది, అది తిరిగింది కూడా. చేసిన ప్రతిదీ ఆమెకు బాగానే ఉంది. అందులో జన్మంతా చేయవలసింది ఏదో మాత్రం తేలలేదు.

"నీకేది ఇష్టమో అదే చెయ్యమ్మా, నేను అడ్డం రాను," అన్నాడు వెంకట్రామ్ పెద్ద మనసుతో. "తాత శతాభిషేకం లోపల ఇష్టపడు."

ఇష్టం గడువులోగా హాజరయ్యే సూచనలు కనపడకపోవడంతో గోవిందసామికి కబురు వెళ్లింది. గోవిందసామి పెళ్లి సంబంధాలు కుదిర్చే మనిషి. జనం ఫోన్లలోనే సంబంధాలు చూసుకోవడం మొదలుపెట్టాక తన సేవలను ఉద్యోగాలకు విస్తరించాడు. సింధూరి జాతకం అడిగి పుచ్చుకున్నాడు. పిల్లకు నక్షత్రముంది, ఉద్యోగానికి ఎక్కణ్ణుంచి తెస్తారని సింధూరి తల్లి మంగ సందేహపడింది. జీతం పడే రోజు ఏ నక్షత్రమో చూస్తే చాలునని ఆయన సెలవిచ్చాడు. ఈ శాస్త్రీయ దృక్పథం వెంకట్రామ్‌కు బాగా నచ్చింది. ఇంట్లో చదివిన పిల్లకు ఉద్యోగాల్ని ఇంటికే రప్పించి చూపించడంలో ఒక క్రమం కూడా కనిపించింది.

మొదటి ఆదివారం మనలి నుంచి రసాయనాల సంబంధం వచ్చింది. అక్కడ ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరైన మణిమారన్, భార్యనూ అన్ననూ వెంటబెట్టుకుని మర్యాదగా దిగాడు. బోండా, కేసరి పెట్టారు. సింధూరి పట్టుపావడా, దావణీ కట్టుకుని కాఫీలు తెచ్చింది. మణిమారన్ గొంతు సవరించుకుని, రసాయన శాస్త్రమే లేకపోతే ఈ కేసరికి ఈ రంగెక్కడిదని ప్రశ్నించాడు. పెద్దలందరూ కేసరి వంక గౌరవంగా చూశారు. ఉద్యోగం నెమ్మదస్తుడేనా, రాత్రి షిఫ్టులు గట్రా అలవాట్లేమైనా ఉన్నాయా అని మంగ ఆరా తీసింది.

అప్పుడు సింధూరి నోరు విప్పింది. "సార్, పొద్దున ఫ్యాక్టరీకి పోయినాక మీరు ఏమి చేస్తారు? ఒకనాడు నేను ఆడికి వచ్చి చూడనా?"

మణిమారన్ ముఖం వెలిగింది. ఆయన పనిని చూస్తామని ఇన్నేళ్లలో ఎవరూ అడిగినట్టు లేదు. భార్య మోచేత్తో పొడిచేసరికి ఆ వెలుగు తగ్గింది. గోవిందసామి దగ్గి, సంప్రదాయాన్ని విశదీకరించాడు.

"అదంతా కుదిరినాక పాపా. కుదరకముందే పిల్ల పోయి ఆడ కాలుపెడితే నలుగురు ఏమనుకుంటారు?"

రెండో వారం పెరంబూరు నుంచి రైలుపెట్టెల ఫ్యాక్టరీ సంబంధం వచ్చింది. పెన్షన్ ఉన్న కుటుంబమని మంగకు మనసైంది. సింధూరి మళ్లీ అదే అడిగింది, మళ్లీ అదే జవాబు వచ్చింది. మూడో వారం సాఫ్ట్‌వేర్ సంబంధం. అనిరుధ్ అనే కుర్రాడు ఫోన్లోనే దర్శనమిచ్చి, భవిష్యత్తు గురించి ఉపన్యసించాడు. మధ్యలో ఆయన గొంతు వినిపించడం మానేసింది. పెద్దలు అది గమనించకుండా చివరిదాకా తలలూపి, కుర్రాడు చక్కగా మాట్లాడతాడని మెచ్చుకున్నారు.

ఆ సాయంత్రం సింధూరి మేడ మీద కూర్చుని ఏడ్చింది. ఇష్టాలు లేక కాదు. దేని దగ్గరికీ పోనివ్వకుండా దేన్ని ఇష్టపడమంటున్నారో అర్థం కాక ఏడ్చింది. అది చూసి వెంకట్రామ్ గుండె కలుక్కుమంది. ఆ బాధలో ఆయన తానే ఒక నిర్ణయం తీసుకున్నాడు. ఎవరడిగినా డేటా సైన్స్ అని చెప్పాలి, తర్వాత అందులోనే చేరిపోవాలి. అదేమిటో బంధువుల్లో ఎవరికీ తెలియదు కనుక రెండో ప్రశ్న రాదు. ఆయనకూ తెలియదు కనుక ఇంట్లో కూడా వాదనలుండవు.

సింధూరి కళ్లు తుడుచుకుని తండ్రిని చూసింది. "నేను ఉన్నదే చెప్తా నాయనా, ఇంకా తెలీదు అని. ఒక్కరైనా తిరిగి ఇంకో మాట అడిగినారంటే మీరు చెప్పిన దాంట్లోనే చేరిపోతా. ఎవరూ అడగలేదంటే ఒక సంవత్సరం నన్నే పోయి చూడనీండి. మనలి, పెరంబూరు, యాడికైనా."

వెంకట్రామ్ వెంటనే ఒప్పుకున్నాడు. మన బంధువులకు పిల్లల భవిష్యత్తు మీదున్న శ్రద్ధ ఆయన చిన్నప్పటి నుంచీ ఎరిగినదే. ఒక్కరు కాదు, పదిమంది నిలదీస్తారు. పందెం గెలిచినట్టేననుకున్నాడు. పిల్ల ముఖం చూస్తే మాత్రం గెలవడం ఎందుకో అంత బాగా అనిపించలేదు.

శతాభిషేకం వైభవంగా జరిగింది. తాతగారి మీద కలశాలతో నీళ్లు గుమ్మరించారు. తడిసిన తాతగారిని గదిలోకి తీసుకుపోగానే బంధువులు పిల్లల మీద పడ్డారు. మొదట మంగ పెద్దన్న శ్యామ్ వచ్చి ప్రశ్న అడిగాడు. వెంకట్రామ్ పక్కనే ఊపిరి బిగబట్టి నిలుచున్నాడు.

"ఇంకా తెలీదు మామా," అంది సింధూరి. "ఒక సంవత్సరం ఒక్కొక్క పని దగ్గరికీ పోయి చూసి చెప్తా."

శ్యామ్ చూపు భోజనశాల తలుపు మీద ఉంది. "సూపర్ పా. దాంట్లో ఇప్పుడు మంచి స్కోప్ ఉంది, విడవొద్దు," అని భుజం తట్టి వెళ్లిపోయాడు.

తర్వాత వెంకట్రామ్ చెల్లెలు పంకజం వచ్చింది. జవాబు సగంలో ఉండగానే, తన కూతురు రంజనికి కూడా అదే చెప్పాననీ, వింటేగా అనీ నిట్టూర్చి ముందుకు సాగింది. ఆ తర్వాత వచ్చినవాళ్లు ఫీజు ఎక్కువైనా పరవాలేదన్నారు, ఆడపిల్లలకు సేఫ్ అన్నారు, తమ తోడల్లుడి కొడుకు అందులోనే ఉన్నాడన్నారు. చివరికి వర్తక సంఘం అధ్యక్షులవారు కూడా సింధూరిని పలకరించి, నేరుగా మైకు దగ్గరికి నడిచారు.

"చిరంజీవి సింధూరి ఎన్నుకున్న రంగంలో అడుగుపెడుతున్న మొట్టమొదటి ఆడబిడ్డ మన సమాజానికి చెందినది కావడం మనందరికీ గర్వకారణం," అని ప్రకటించారు. "మన యువత ఆమెను ఆదర్శంగా తీసుకోవాలి."

మంటపమంతా చప్పట్లు మోగాయి. రెండో ప్రశ్న రాలేదు. సింధూరి తండ్రి వైపు చూసి నవ్వింది. ఎన్నో రోజుల తర్వాత చూసిన ఆ నవ్వుకు వెంకట్రామ్ కళ్లు చెమ్మగిల్లాయి.

పందెం ఓడిపోయిన వెంకట్రామ్ అరిటాకు ముందు కూర్చుని ఆలోచనలో పడ్డాడు. తాను మాత్రం? ఎన్ని పెళ్లిళ్లలో, ఎన్ని గృహప్రవేశాల్లో, ఎంతమంది పిల్లల్ని ఇదే ప్రశ్న అడిగి ఉంటాడు! అడగడం గుర్తుంది. జవాబులు ఎంత ఆలోచించినా ఒక్కటీ గుర్తు రాలేదు. ఆయన నిజంగానే సిగ్గుపడ్డాడు. ఇకమీదట అడిగితే వినాలి, వినకపోతే అడగకూడదని, ఆకు మీద నీళ్లు చిలకరిస్తూ గట్టిగా నిశ్చయించుకున్నాడు.

పక్క ఆకు ముందు పంకజం కూతురు రంజని వచ్చి కూర్చుంది. మేనకోడల్ని చూసి వెంకట్రామ్ ఆప్యాయంగా నవ్వాడు.

"ఏమ్మా రంజనీ, ఏమి చెయ్యాలని ఉంది నీకు?"

రంజని తలెత్తి చూసింది. ఇంతవరకు ఎవరికీ చెప్పుకోనిదేదో గొంతుదాకా వచ్చినట్టు ఆ పిల్ల మామకు దగ్గరగా వంగి, చిన్న గొంతుతో చెప్పడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే పాయసం వచ్చింది. జీడిపప్పు ధారాళంగా వేశారు. పచ్చకర్పూరం కాస్త ఎక్కువైందేమోనని వెంకట్రామ్‌కు అనుమానం వచ్చింది గానీ, రెండోసారి వేయించుకున్నాక అది తీరిపోయింది.

"దాంట్లో మంచి స్కోప్ ఉందమ్మా," అన్నాడాయన, ఆకు మడుస్తూ.

రంజని ఏం చెప్పిందని అడుగుతున్నారా? ఈ కథ చెబుతున్నవాడు కూడా అదే పంక్తిలో ఉన్నాడు. మీరూ ఉన్నారు, మీ ఆకులోనూ పాయసం వడ్డించారు.