జెయింట్ వీల్ ఎక్కిన పూనకం

ఆదివారం పొద్దున తాండూరులో దశరథ్ వేసుకున్న ప్లాను చాలా సాదాసీదాది. అమ్మను కొత్త చక్రాల కుర్చీతో సహా ఆటో ఎక్కించి, వికారాబాద్ దారిలో కొత్తగా తెరిచిన థీమ్ పార్కుకు తీసుకుపోవాలి. బొమ్మ రైలు చూపించి, మిర్చి బజ్జీలు తినిపించి, చీకటి పడేలోగా ఇంటికి తేవాలి. జెయింట్ వీల్ దరిదాపులకు మాత్రం పోకూడదు. ఎందుకంటే దశరథ్‌కు ఎత్తంటే ప్రాణభయం. బండల పాలిషింగ్ యూనిట్లో పదిమంది మీద పెత్తనం చేసే మొనగాడు, ఇంట్లో బల్బు పోతే స్టూలు ఎక్కడానికి భార్యను పిలుస్తాడు.

ఏం లాభం, అతని తల్లి బీరమ్మ బయల్దేరుతున్నదే జెయింట్ వీల్ కోసం. పక్కింటి సత్యమ్మ అది ఎక్కి వచ్చిన నాటి నుంచి వాడకట్టులో ఎవరినీ నోరు విప్పనివ్వడం లేదు. తుంటి విరిగి కుర్చీకి అంటుకుపోయినా ఓర్చుకున్న బీరమ్మ, సత్యమ్మ గొప్పలను మాత్రం ఓర్చుకోలేకపోతోంది.

“కుర్చీల ఉన్నోళ్ళను ఎక్కియ్యరంట అమ్మా,” అన్నాడు దశరథ్.

“అడిగినవా?”

“అడిగిన.”

అడగలేదు.

ఈలోగా అతని భార్య మల్లీశ్వరి కొబ్బరికాయతో వచ్చింది. ఇంటికి కొత్త బండి వస్తే పూజ చేయనిదే గడప దాటనివ్వదు. కుర్చీకి నాలుగు చక్రాలున్నాయి కాబట్టి ఆమె లెక్కలో అదీ బండే. బంతిపూల దండ కట్టి, పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించింది. పనిలో పనిగా అత్తగారి నుదుటి మీద కూడా రూపాయి బిళ్ళంత బొట్టు దిద్ది, తాను పుట్టింటికి వెళ్ళిపోయింది.

పార్కు గేటు దాటగానే బీరమ్మ చెయ్యెత్తింది. “జర గా వీలు దిక్కు తోలు. నేనే అడుగుత.”

దశరథ్ కుర్చీని నీడలో ఆపి, ముందుగా పరుగెత్తి, వీల్ దగ్గర టికెట్లు చింపుతున్న అశ్విని చెవిలో నోటికొచ్చిన అబద్ధం ఊదాడు. “మా అమ్మ ఎక్కుతనంటది చెల్లె. వద్దని చెప్పు. పైకి పోతే ఆమెకు పూనకం వస్తది.”

అశ్విని తొంగి చూసింది. పూలదండ, పసుపు, పెద్ద బొట్టు. టికెట్ల కట్ట అక్కడే వదిలేసి వెళ్ళి బీరమ్మ కాళ్ళ మీద పడింది. “మా అన్న పెండ్లి ఎప్పుడైతదో జర చెప్పమ్మా.”

కాళ్ళు మొక్కినవాళ్ళను దీవించకుండా వదిలే మనిషి కాదు బీరమ్మ. “అయితది బిడ్డా. ఫికర్ చెయ్యకు,” అంది.

అంతే, జెయింట్ వీల్ ముందున్న లైను మొత్తం మెలి తిరిగి బీరమ్మ ముందుకు వచ్చింది. ఒకరు అరటిపండ్లు పెట్టారు, ఒకరు పాప్‌కార్న్ పెట్టారు. “గట్లేం లేదు, మా అమ్మ ఉత్త అమ్మనే,” అని దశరథ్ గొంతు చించుకున్నాడు.

“పూజారికి కోపమొస్తున్నది. చెప్పులు విడువుండ్రి,” అన్నారు వెనకనుంచి ఎవరో.

వీల్ ఖాళీగా తిరుగుతోందని కోపంగా వచ్చిన మేనేజరు మహిధర్, జనాన్ని చూసి తానూ బూట్లు విప్పాడు. “ఈ వీలు మొన్న నడిమిట్ల ఆగిపోయిందమ్మా. మీరొక్కసారి ఎక్కి తిరిగితే దానికి మంచిగైతది.”

“పూనకం వస్తది సారు,” అన్నాడు దశరథ్.

“రానీ. గందుకే ఎక్కుమంటున్న.”

“కుర్చీ ఉన్నది గద సారు.”

“కుర్చీతోనే ఎక్కొచ్చు. ర్యాంపున్నది, పెద్ద డబ్బా ఉన్నది. కాకుంటే తోడు ఒకరు కూసోవాలె. రూలు.”

బీరమ్మ మెల్లగా కొడుకు వైపు తిరిగింది. “అడిగిన అంటివి?”

దశరథ్ దగ్గర అబద్ధాలు అయిపోయాయి. పోయి డబ్బాలో కూర్చున్నాడు.

డబ్బా చింతచెట్టు ఎత్తు దాటగానే అతను కళ్ళు మూసుకుని, “బీరప్పా, మల్లన్నా, దించు తండ్రీ” అని కేకలు మొదలుపెట్టాడు. తల ఊగిపోతోంది, ఒళ్ళు వణికిపోతోంది. పక్కన బీరమ్మ నిమ్మళంగా పాప్‌కార్న్ నములుతోంది. ఒకప్పుడు గొర్రెలను తోలుకుని తిరిగిన గుట్టలన్నీ కాళ్ళ కింద కనిపించేసరికి ఆమెకు పట్టరాని సంబరమేసింది.

“వచ్చింది,” అన్నారు కింద జనం. “తల్లికి కాదు, కొడుక్కు.”

డబ్బా దిగిన దశరథ్ కాళ్ళు నిలవక ర్యాంపు మీదే కూలబడ్డాడు. జనమంతా బీరమ్మను వదిలేసి అతని కాళ్ళ మీద పడ్డారు. అతని పెదవులు కదులుతున్నాయి గానీ మాట పెగలడం లేదు.

“దేవుడేమంటున్నడమ్మా?” అని చేతులు కట్టుకుని అడిగాడు మహిధర్.

బీరమ్మ తలెత్తి వీల్ వైపు చూసింది. సత్యమ్మ ఎక్కింది ఒక్కసారే.

“ఇంకొక్క తిరుగుడు తిరగాలంటున్నడు,” అంది.

నలుగురు కలిసి దశరథ్‌ను ఎత్తి మళ్ళీ డబ్బాలో వేశారు. అతను గింజుకుంటుంటే, దేవుడు మస్తు జోరు మీదున్నాడని మురిసిపోయారు.

అశ్విని కుర్చీని లోపలికి తోస్తూ అడిగింది. “ఈయనకు పూనకమొచ్చె గద, మరి ఈసారి తోడు ఎవరమ్మా?”

“నేనే బిడ్డా,” అంది బీరమ్మ. “వాన్ని ఒక్కన్నే ఎట్ల పంపుత?”

రూలుకు అది సరిపోయింది.