దిగులు పోటీలో మా అమ్మాయి

పిల్లల ముఖం చూడగానే మనసు చదివేయగల తల్లిదండ్రులు ప్రపంచంలో ఎక్కడైనా ఉన్నారంటే, అది మా బడి తల్లిదండ్రుల సంఘంలోనే! సంఘాధ్యక్షుణ్ణి నేనే కాబట్టి ఈ మాట అధికారికంగా ప్రకటిస్తున్నాను.

టీనేజి పిల్లల్లో డిప్రెషన్‌ను గుర్తుపట్టడం ఎలా అని ఈ ఏడాది అవగాహన సభ తలపెట్టాం. వట్టి ఉపన్యాసాలైతే జనం జారుకుంటారని, పిల్లలకు దిగులు నటించే పోటీ కూడా పెట్టాం. అందులో అధ్యక్షుడి కూతురు లేకపోతే ఏం బాగుంటుంది? మా అమ్మాయి పేరు నేనే ఇచ్చేశాను.

రిహార్సల్లోనే నా పరువు తీసింది. స్టేజి మీద కుర్చీలో కూర్చుని, తన చేతులకేసి చూస్తూ ఉండిపోయింది. అంతే!

"కాస్త ఏడవమ్మా!" అన్నాడు డ్రామా మాస్టారు.

"ఏడుపు రావట్లేదు సార్."

"పోనీ జుట్టు పీక్కో. లాయరుగారమ్మాయిని చూడు, ఎంత చక్కగా దొర్లుతోందో!"

"ఓపిక లేదు సార్."

మాస్టారు నా వైపు తిరిగాడు. "దిగులంటే ఏమిటో ఈ పిల్లకి బొత్తిగా తెలియదండీ!"

నాకు తల కొట్టేసినట్టయింది. "ఎలా తెలుస్తుంది మాస్టారూ? ఏ లోటూ లేకుండా పెంచాం మరి!" అని పరువు నిలబెట్టుకున్నాను.

ఆ సంగతి ఇంట్లో చెబితే మా ఆవిడ నవ్వలేదు. "ఏమండీ, అది సరిగా తినడం లేదు. బ్యాడ్మింటన్ మానేసింది. ప్రాణంలా చూసుకునే రాకెట్ కూడా ఎవరికో ఇచ్చేసింది. నాకు భయంగా ఉంది."

"సభ కానివ్వవే! ఇక్కడ ఊపిరాడక చస్తుంటే ఇప్పుడా ఈ కబుర్లు?" అని కసిరి, బ్యానరులో అచ్చుతప్పులు దిద్దుకుంటూ కూర్చున్నాను.

సభ అదిరిపోయింది. లాయరుగారమ్మాయి దొర్లింది, కేకలు పెట్టింది, మూర్ఛపోయి లేచి మళ్ళీ మూర్ఛపోయింది. హాలంతా చప్పట్లే! మా అమ్మాయిని ముందే పోటీ నుంచి తప్పించి, కుర్చీలు సర్దే పని అప్పగించాం.

బహుమతి ఇవ్వడానికి వచ్చిన డాక్టరమ్మ మాత్రం కప్పు చేత్తో పట్టుకుని స్టేజి దిగింది. తిన్నగా వెళ్ళి, గోడవారగా కూర్చున్న మా అమ్మాయి పక్కన కూర్చుంది.

"నిద్ర పడుతోందా తల్లీ?"

"లేదండీ."

"ఇంట్లో చెప్పావా?"

"ఎవరూ అడగలేదండీ," అంది. రిహార్సల్లో ఎంత బతిమాలినా రాని ఏడుపు అప్పుడొచ్చింది. చప్పుడే లేదు. మా ఆవిడ పరుగున వెళ్ళి దాన్ని పొదువుకుంది.

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ఇవి డిప్రెషన్ లక్షణాల్లాగే ఉన్నాయి. రేపు పొద్దున్నే తీసుకురండి. తగ్గిపోతుంది, కానీ ఇంకా ఆలస్యం చెయ్యకండి."

నా గుండె ఝల్లుమంది. కన్నతండ్రిని కదా! కానీ అధ్యక్షుణ్ణి కూడాను. కప్పు ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.

"అయితే డాక్టరుగారూ," అన్నాను గొంతు తగ్గించి, "ఫస్టు ప్రైజు మా అమ్మాయికేనా?"